సూటిగా అడగమన్న పెద్దసారు

శంషాబాద్ దగ్గర మా డిగ్రీ కాలేజీ పెద్దసారు మొన్న ఆదివారం కన్నుమూశారు. చర్చిలో ఆరాధన ముగిశాక ఫోన్ చూసుకుంటే ఆ కబురు ఉంది. కష్టంలో ఉన్న పిల్లలతో ఎలా మాట్లాడాలో మా లెక్చరర్లందరికీ నేర్పింది ఆయనే.

కొత్తగా చేరిన లెక్చరర్లను కూర్చోబెట్టి తానే విద్యార్థి వేషం కట్టేవారు. వెనక బెంచీలో ముడుచుకుని, "ఇగ నేనుండి ఏం లాభం మేడం" అనేవారు. మేమేమో ధైర్యంగా ఉండమనేవాళ్లం. మా లెక్కల సారైతే భవిష్యత్తు మీద పెద్ద ఉపన్యాసమే దంచారు. పెద్దసారు ఆవలించి, "పోరడు ఎప్పుడో లేచి ఎల్లిపోయిండు సారూ, మీరింకా చెప్తనే ఉన్నరు" అన్నారు.

"చచ్చిపోవాలనిపిస్తుందా?" అన్న ప్రశ్నను మా చేత పైకి అనిపించేవారు. మాకు నోరు పెగిలేది కాదు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయం.

"అడిగితే పుట్టదమ్మా. అడగకపోతే ఆ పిల్ల ఒక్కతే మోస్తది. అడిగినంక నువ్వు మాట్లాడకు. మన నెత్తి మీదికెళ్లి ఇమానం మోత పోయేదాంక పాఠం ఆపుతవు గద, గట్ల ఆగు" అనేవారు.

మహేశ్వరం వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయికి తల్లి పోయింది. కొన్నాళ్లకు ఆమె తన పుస్తకాలన్నీ స్నేహితురాళ్లకు పంచిపెడుతూ కనిపించింది. ఉన్నవన్నీ పంచేస్తుంటే ఊరుకోవద్దని పెద్దసారు చెప్పింది గుర్తొచ్చింది. ఖాళీ క్లాసులో పక్కన కూర్చుని ఆ ప్రశ్న అడిగేశాను. ఆమె తల దించుకుంది. ఏదో ఒకటి అనేయాలని నాలుక దురద పెట్టినా బిగబట్టాను.

చాలాసేపటికి, "అనిపిస్తుంది మేడం. ఇంతదాంక ఎవ్వరు అడగలే" అంది.

ఆమెను వదలకుండా పెద్దసారు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఆమె అన్నను పిలిపించారు. ఆ మధ్యాహ్నమే అందరం దవాఖానకు వెళ్లాం. డాక్టరు గది బయట ఆయన ఒక్క నీతివాక్యం చెప్పలేదు. వాళ్లింట్లో ఏ కూర బాగా చేస్తారో అడిగారు. ఆమె కోలుకోవడానికి నెలలు పట్టింది. ఆయన నేర్పకపోతే నేను ఆ ప్రశ్న అడిగి ఉండేదాన్నే కాదు. ఆ కృతజ్ఞత నాకు ఎప్పటికీ ఉంటుంది.

సారు అంత్యక్రియలకు సమాధుల తోటకు ఆమె కూడా వచ్చింది. ఇప్పుడు విమానాశ్రయంలో ఉద్యోగం, యూనిఫాంలోనే ఉంది. గుప్పెడు మట్టి వేసి, సారు భార్య పక్కన నేల మీద కూర్చుంది. వచ్చినవాళ్లంతా ధైర్యంగా ఉండమని చెప్పి వెళ్లిపోతున్నారు.

"అమ్మా, ఇయ్యాల మీ దగ్గర ఎవరుంటరు?" అని అడిగింది ఆ అమ్మాయి. అడిగి, జవాబు వచ్చేదాకా అలాగే కూర్చుంది.