ఇనుము కట్టే అన్న, రెండు సిస్టమ్‌ల కంప్యూటర్

మొన్న దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్‌లో మా గది కిందున్న కంప్యూటర్ దుకాణానికి నా ముసలి ల్యాప్‌టాప్‌ను మోసుకెళ్ళాను. కొత్త ప్రోగ్రామ్ ఏదీ అందులోకి ఎక్కనంటోంది. దుకాణదారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఆపరేటింగ్ సిస్టమ్ పాతది. మారిస్తే పాత ప్రోగ్రాములు పనిచేయవు. కొత్తది కొనుక్కోండి" అని హిందీలో తేల్చేశాడు. "రెండు సిస్టమ్‌లూ ఇందులోనే పెట్టొచ్చుగా?" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఈ మనిషికి అంత తెలివి ఎక్కడిదని కాబోలు. నిజమే, ఆ తెలివి నాది కాదు.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం దోహా ఊరంతా తవ్విపోసిన రోజులవి. కాకినాడ నుంచి వచ్చి, ఒక స్టేడియానికి పునాదులు వేసే కంపెనీలో సైటు గుమాస్తాగా కుదిరాను. కంప్యూటరంటే నాకు టైపు మిషనుకు తమ్ముడు, అంతే. మా రేకుల ఆఫీసులో ఏసీ కారే నీళ్ళకు బకెట్టు పెట్టుకుని, నేనూ ఈజిప్టు సర్వే ఇంజనీరూ ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. ఆయన దగ్గరున్న కంప్యూటర్‌లోకి రోజూ సర్వే పరికరం కొలతలు ఎక్కేవి. భూమిలోకి దించిన ప్రతి కాంక్రీటు స్తంభమూ తన చోటనే ఉందో లేదో చెప్పేది ఆ కొలతలే. వాటిని చదివే ప్రోగ్రామ్ పాత సిస్టమ్ మీదే నడుస్తుంది. దాన్ని ఎక్కించే డిస్కు ఎప్పుడో ఆఫీసు మారినప్పుడు పోయింది. ఇంతలో, ఆదివారం నుంచి డ్రాయింగులన్నీ కొత్త ప్రోగ్రామ్‌లోనే పంపాలని హెడ్డాఫీసు హుకుం. అదేమో పాత సిస్టమ్ గడప తొక్కదు. ఇంకో కంప్యూటర్ కావాలంటే రెండు నెలలు ఆగమన్నారు. కొలతలు ఆగితే పునాదులు ఆగుతాయి, డ్రాయింగులు ఆగితే పైపని ఆగుతుంది. ఇంజనీరు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

ఆ సమయంలో సెలవు ఫారం కోసం గుమ్మంలో నిలబడి మా మాటలు వింటున్నాడు ఇనుప చువ్వలు కట్టే అన్న ఒకాయన. ఒళ్ళంతా సిమెంటు దుమ్ము, నడుముకు కట్టింగ్ ప్లేయరు.

"సార్, ఒక మాట చెప్పాల్నా? పాతది తీసుడెందుకు? దాని పక్కకే కొత్తది ఎక్కిస్తే అయిపాయె. స్విచ్చేసినప్పుడు ఏది గావాల్నని అదే అడుగుతది" అన్నాడు నాతో.

"మీకెలా తెలుసండీ?"

"మెట్‌పల్లిల ఎనిమిదేండ్లు కంప్యూటర్లు రిపేర్ చేసిన. దుకాణం మూతపడ్డది. ఏజెంటు గీ పనికి వీసా ఇచ్చిండు, వచ్చిన."

నేను ఇంగ్లీషులో చెప్తే ఇంజనీరు అన్న చేతుల వంక చాలాసేపు చూశాడు. తర్వాత, "శుక్రవారం సెలవే, రమ్మను" అన్నాడు.

శుక్రవారం పొద్దున బిర్కత్ అల్ అవామిర్ కార్మికుల క్యాంపు నుంచి ఇస్త్రీ చొక్కాతో దిగిన మనిషిని నేను గుర్తుపట్టలేదు. సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని కూర్చున్నాడు. "మొదలు కొలతలన్నీ కాపీ తీద్దాం. ప్రోగ్రామ్‌కు మాత్రం డిస్కు లేదు, అది పోతే మల్ల రాదు" అని మెల్లగా హెచ్చరించాడు. హార్డ్ డిస్కులో ఖాళీ జాగాను వేరు చేసి, అందులో కొత్త సిస్టమ్ ఎక్కించాడు. రెండు గంటలు పట్టింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేస్తే, నేరుగా కొత్తది తెరుచుకుంది. పాతదాని జాడే లేదు.

"ఖలాస్!" అని ఇంజనీరు కుర్చీలో కూలబడ్డాడు. అన్నను ముందుకు తోసింది నేనే కదా!

అన్న మాత్రం కదల్లేదు. "పోలేదు సార్. లోపట్నే ఉంది. దాన్ని పిలిచే పేరు రాసిలేదు, గంతే."

నల్లటి తెర ఒకటి తెరిచి, ఏ కాగితమూ చూడకుండా వరసగా ఇంగ్లీషు అక్షరాలు కొట్టడం మొదలుపెట్టాడు. తీగ మెలిపెట్టి మెలిపెట్టి కాయలు కాసిన వేళ్ళు అవి. కొన్ని మీటలు రెండేసి ఒకేసారి నొక్కుకుపోతుంటే, చెరిపి మళ్ళీ కొట్టేవాడు. మూడేళ్ళుగా కీబోర్డు ముట్టని మనిషికి అన్ని మాటలు ఎక్కడ దాగున్నాయో నాకు అర్థం కాలేదు. కంప్యూటర్ ఆగి మళ్ళీ లేచింది. నల్లటి తెర మీద తెల్లగా రెండు వరసలు. ఒకటి పాతది, ఒకటి కొత్తది. ఏది కావాలో చెప్పమని పక్కనే అంకెలు తగ్గుతున్నాయి. పాతది నొక్కితే సర్వే ప్రోగ్రామ్ తెరుచుకుంది, పరికరం తగిలించగానే కొలతలు బిలబిలా దిగాయి. ఆపి కొత్తది నొక్కితే డ్రాయింగు తెర నిండా పరుచుకుంది. ఒకే పెట్టె! నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఇంజనీరు లేచి అన్న చేతులు రెండూ పట్టుకుని, వాటిని తన కళ్ళకు అద్దుకున్నాడు. అరబ్బులు అలా చేయగా నేను మరెప్పుడూ చూడలేదు.

అన్నను ఆఫీసులోకి మార్చమని ఇంజనీరు హెడ్డాఫీసుకు రాశాడు. వీసాలో స్టీల్ ఫిక్సర్ అని ఉంది, మాఫీ అన్నారు, అంటే అరబ్బీలో కుదరదని. ఇంజనీరు ఊరుకోలేదు, హెడ్డాఫీసు చుట్టూ తిరిగి ఐదో నెలలో సాధించాడు. సర్వే సహాయకుడిగా చేరిన రోజు అన్న ఫోన్లో వాళ్ళమ్మతో, "అవునే, నీడల్నే పని. కుర్చీ గూడ ఇచ్చిండ్రు" అంటుంటే, అవతల ఆవిడ "మా కొడుకు దుబాయ్ల కంప్యూటర్ సారైండు" అని ఎవరికో కేకేసి చెప్పడం నాకూ వినిపించింది. ఆవిడకు గల్ఫ్ అంతా దుబాయే. తర్వాత రెండేళ్ళు ఆయన నా పక్క బల్ల దగ్గరే కూర్చున్నాడు. పునాదుల పని ముగిశాక మెట్‌పల్లి వెళ్ళి మళ్ళీ దుకాణం తెరిచాడు.

స్టేడియం దీపాలు మొదటిసారి వెలిగినప్పుడు జనం అంతా పైకి చూశారు. నేనూ చూశాను. అప్పటినుంచి చాలా సంగతులు మరిచిపోయాను, ఆ ఇంజనీరు ముఖం కూడా మసకబారింది. ఆ శుక్రవారం కలిగిన విస్మయానికి మాత్రం ఇన్నేళ్ళయినా వయసు రాలేదు.