మేము ఇవ్వని రక్తం

దయ్యాలు, ఆత్మలు, గాలి సోకడాలు నేను నమ్మను. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే ఇది చదివాక అవి నమ్మేవాళ్ళు నన్ను తమలో కలిపేసుకుంటారు. మాది లూథరన్ కుటుంబం, దేవుణ్ణి నమ్ముతాను. కానీ ఉద్యోగమంతా నీటిపారుదల శాఖలో, కాలువల మీద నీటిమట్టం కొలిచి రాసే పనిలో గడిచింది. కొలవనిది రాయకూడదన్నదే అక్కడ నేను నేర్చుకున్న విద్య. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రోజూ డైరీ రాస్తున్నాను. అందులోనూ అదే పద్ధతి.

అలాంటి నాకు, ఎవరూ కొలవని కొలత ఒకటి ఎదురైంది.

మేముండేది నరసాపురంలో. మా ఆవిడ సుగుణ చిన్నప్పటి నుంచి లేసు అల్లుతుంది. కిందటేడు ఆవిడ చేతులు నల్లబడడం మొదలైంది. తెల్లదారం పక్కన వేళ్ళ కణుపులు, అరచేతి గీతలు బొగ్గు పూసినట్టు కనిపించేవి. ఎండలో తిరుగుతోందన్నారు చూసినవాళ్ళు. ఆవిడ గడప దాటడమే తక్కువ. తర్వాత చిక్కిపోయింది. మంచం మీంచి లేస్తే కళ్ళు తిరిగి గోడ పట్టుకునేది. మజ్జిగలో వేసుకున్న ఉప్పు చాలక, వంటింట్లో ఉప్పు డబ్బా తీసి వేలితో అద్దుకుని నాకేది.

చూపించిన ప్రతిచోటా నీరసమన్నారు, వయసన్నారు, బలానికి టానిక్కులు రాశారు. ఒకాయనైతే, మీరు ఆవిడని మరీ కనిపెట్టుకుని ఉంటున్నారు, అసలు జబ్బు అదేనండి అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

చివరికి భీమవరంలో ఒక పెద్ద డాక్టరుగారు ఆవిడ చేతులు తిప్పి చూసి, చిగుళ్ళు చూసి, కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు. మూత్రపిండాల మీద చిన్న గ్రంథులుంటాయని, అవి కార్టిసాల్ అనే హార్మోను తయారు చేస్తాయని, అది అడుగంటితే మామూలు జ్వరం కూడా ప్రాణం మీదికి తెస్తుందని చెప్పారు. రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో ఇలాంటి జబ్బుల మీద పరిశోధన చేస్తున్నారని, అక్కడ పరీక్ష చేయించమని చీటీ రాసిచ్చారు.

అక్కడి నియమం ఒకటే. పొద్దున్నే, ఏమీ తినకుండా, తాగకుండా రావాలి. రక్తం తీసిన వెంటనే ఐసులో పెట్టి ల్యాబుకు పంపుతారు. మేము ముందురోజే వెళ్ళి మా మరదలు కరుణ ఇంట్లో దిగాము. రేపు అక్కకు ఏమీ ఇవ్వకూడదని భోజనాల దగ్గరే కరుణకు చెప్పాను. అలాగే బావగారూ అంది. పడుకునే ముందు మళ్ళీ చెప్పాను. మళ్ళీ అలాగే అంది.

తెల్లారి నేను స్నానం చేసి వచ్చేసరికి సుగుణ చేతిలో ఖాళీ గ్లాసు ఉంది.

"నీళ్ళ కాఫీయే బావగారూ, పాలు చుక్క కూడా పోయలేదు," అంది కరుణ.

పంచదార సంగతేంటని అడిగాను.

"పంచదార లేకుండా కాఫీ ఎవరైనా ఇస్తారేంటండీ?"

మా వైపు ఇంటికొచ్చిన మనిషిని కాఫీ ఇవ్వకుండా గుమ్మం దాటనివ్వడం పెద్ద అవమానం. అక్క ప్రాణం ఒకవైపు, ఆ అవమానం ఒకవైపు పెడితే కరుణకు ఏది బరువుగా తోచిందో ఆ గ్లాసే చెప్పింది.

ఆసుపత్రిలో శాంతి అనే నర్సు బయట బల్ల దగ్గరే మమ్మల్ని ఆపి, సుగుణ పేరూ వయసూ, నా ఫోను నంబరూ రాసుకుని, ఏమైనా తాగారా అని అడిగింది. సుగుణ అబద్ధం ఆడదు. అయితే ఈరోజు తీయకూడదు, పై వారం రండి అంది శాంతి. బతిమాలాను, వాదించాను, పెద్ద డాక్టరును పిలవమన్నాను. ఆమె కదల్లేదు. రక్తం తీసే గది గుమ్మం కూడా తొక్కకుండా వెనక్కి వచ్చేశాము. రైలెక్కగానే కరుణకు ఫోను చేసి నోటికొచ్చిన మాటలన్నీ అన్నాను. ఆరోజు డైరీలో "రక్తం ఇవ్వలేదు. కారణం కాఫీ" అని రాశాను.

పై వారం రాకముందే సుగుణకు జ్వరం, వాంతులు పట్టుకున్నాయి. కారు మాట్లాడుకుని భీమవరం తీసుకెళ్ళేసరికి మాట ముద్దముద్దగా వస్తోంది. సెలైను ఎక్కుతున్నా బీపీ పడిపోతూనే ఉంది. మమ్మల్ని రాజమండ్రి పంపిన డాక్టరుగారు ఊళ్ళో లేరు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు, కడుపులో ఇన్ఫెక్షన్ అయి ఉంటుందన్నాడు. నేను కార్టిసాల్ సంగతి చెప్పాను. రిపోర్టు ఉందా అని అడిగాడు. పరీక్షే జరగలేదన్నాను. రిపోర్టు లేకుండా, ఇంత ఇన్ఫెక్షన్‌లో ఆ హార్మోను మందు ఇస్తే ఎదురు తిరగొచ్చని ఆయన వెనకాడాడు.

అప్పుడు నా ఫోను మోగింది. రాజమండ్రి నుంచి, పరిశోధన చూసే డాక్టరమ్మ.

"అమ్మగారి కార్టిసాల్ బాగా పడిపోయిందండి. ఆవిడ ఎక్కడున్నారు? వెంటనే మందు మొదలుపెట్టాలి."

"మేము రక్తం ఇవ్వలేదమ్మా," అన్నాను.

"రిపోర్టు నా చేతిలో ఉందండి."

విసుగొచ్చి ఫోను పెట్టేయబోయాను. ఒకరి కాగితం మరొకరి ఫైల్లోకి వెళ్ళడం ఉద్యోగంలో ఎంత చూశానో. కానీ కుర్ర డాక్టరు ఫోను నా చేతిలోంచి లాక్కున్నాడు. విన్నాడు, పేరూ వయసూ సరిచూసుకున్నాడు, ఇంజెక్షను తెమ్మని లోపలికి కేకేశాడు. సాయంత్రానికి సుగుణ లేచి కూర్చుని చారన్నం అడిగింది. ఆ ఫోను రాకపోతే నేను ఆ మందు ఇచ్చేవాణ్ణి కాదండి అని ఆ అబ్బాయి తర్వాత నాతో అన్నాడు.

ఇంట్లో అందరూ సంతోషించి ఊరుకున్నారు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

మా శాఖలో కొందరు తూము దగ్గరికి వెళ్ళకుండానే, ఇంట్లో కూర్చుని నీటిమట్టం రాసేసేవారు. నిన్నటి అంకెకు కాస్త అటూ ఇటూ. ల్యాబులోనూ ఎవరో అలాగే రాశారనుకున్నాను. ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చి కూర్చోనివ్వలేదు. అది నిజంగా తీసిన రక్తమే అయి, వేరే ఆవిడదైతే? ఆవిడ తనకేమీ లేదనుకుని ఏ ఊళ్ళోనో ఇంటిపని చేసుకుంటూ ఉంటుంది. ఆవిడకీ ఒకరోజు జ్వరం వస్తుంది.

సుగుణ తేరుకోగానే రాజమండ్రి వెళ్ళాను. అక్కడ ముందు నన్నే అనుమానించారు. పెద్దవారు, కంగారులో మర్చిపోయి ఉంటారన్నారు. డైరీ చూపిస్తే ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. శాంతి ఒక్కతే, వాళ్ళని నేనే పంపించేశానండి, కాఫీ తాగేశారని, అంది. వరండా కెమెరా చూశారు. మేము బల్ల దగ్గర నిలబడి వాదించడం, వెళ్ళిపోవడం ఉంది. గదిలోకి వెళ్ళడం లేదు.

అప్పుడు ఫ్రీజరు తెరిచారు. పరిశోధన కోసం ప్రతి రోగి రక్తంలో కొంత దాచిపెడతారట. సుగుణ పేరు రాసిన గొట్టం అక్కడ ఉంది. శాంతి దాన్ని చేతిలోకి తీసుకుని, పేరున్న వైపు వెలుతురుకు తిప్పి చూసింది.

"రాత నాదేనండి," అంది. "తీసింది మాత్రం నేను కాదు."

ఆరోజు వచ్చిన మిగతా రోగులందరి గొట్టాలూ వేరువేరుగా, వాళ్ళ పేర్లతోనే ఉన్నాయి. అయినా ఒక్కొక్కరికీ ఫోను చేయించాను. అందరూ మళ్ళీ వచ్చి పరీక్ష చేయించుకున్నారు. తేడా ఎక్కడా లేదు. భీమవరంలో అంతకుముందు తీసిన రక్తమేమైనా ఇక్కడికి చేరిందా అని ఆరా తీశాను. చేరలేదు. నా పోరు పడలేక డాక్టరమ్మ ఆ గొట్టంలోని రక్తాన్ని, సుగుణ దగ్గర కొత్తగా తీసిన రక్తాన్ని జన్యు పరీక్షకు పంపింది. రెండూ ఒకే మనిషివని వచ్చింది.

ఇక అందరికీ తలో కారణం దొరికింది. కరుణ అయితే, "నేను కాఫీ ఇవ్వకపోయినా అదే రిపోర్టు వచ్చేదిగా బావగారూ, మరి నన్నెందుకు అన్ని మాటలన్నారు?" అని అడిగింది. కాలం చేసిన మా అత్తగారే వచ్చి చేసి ఉంటుందని పక్కింటావిడ అంది. పాస్టరుగారు దేవదూత అన్నారు. అని ఊరుకున్నారా, నన్ను అడగకుండానే ఆదివారం ఆరాధనలో నేను సాక్ష్యం చెబుతానని ప్రకటించేశారు. నేను లేచి, ఏం జరిగిందో నాకు తెలియదు, తెలియనిదానికి సాక్ష్యం చెప్పలేనని కూర్చున్నాను. అప్పటి నుంచి ఆయన నాతో పొడిపొడిగా మాట్లాడుతున్నారు.

ఆఖరి చికాకు మొన్న సుగుణను చూపించడానికి వెళ్ళినప్పుడు వచ్చింది. నమూనా ఇచ్చినట్టు సంతకం లేదని, అది ఉంటేనే ఆవిడ వివరాలు పరిశోధనలో ఉంచగలనని, బలవంతమేమీ లేదని డాక్టరమ్మ చెప్పింది. తీసేస్తే ఆవిడ జబ్బు నుంచి ఇంకొకరికి ఉపయోగపడేదేమీ మిగలదు. నేను ఒప్పుకోలేదు. ఇవ్వనిది ఇచ్చామని ఎలా రాస్తామన్నాను. అది నీటిమట్టాన్ని ఇంట్లో కూర్చుని రాయడమే.

సుగుణ నా మాట పూర్తి కానివ్వకుండా కాగితం తనవైపు లాక్కుని సంతకం పెట్టింది.

స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు అడిగాను, ఇవ్వని రక్తం ఇచ్చానని ఎలా సంతకం చేశావని.

"ఇవ్వకపోతే నేను మీ పక్కన ఎలా కూర్చున్నానండి?" అంది.

ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో ఇప్పటికీ నాకు తెలియదు. పొద్దున్నే ఆవిడ మాత్ర వేసుకోవడానికి గ్లాసు ఎత్తినప్పుడు, నాకు తెలియకుండానే ఆవిడ మోచేతి మడత వైపు చూస్తాను. అక్కడేమీ ఉండదు. ఏం చూస్తున్నారని ఆవిడ కసురుతుంది.