ఎవరి బజారుకీ చెందని మోకులు

కృష్ణకుమారికి ఊళ్ళో రెండు పేర్లు. రేషన్ కార్డులో ఉన్నది ఒకటి, "ఫిల్టరు పిల్ల" అన్నది రెండోది. ఆ రెండోది పెట్టింది బుల్లెమ్మ, పడమటి బజారుకు పెద్ద దిక్కు. బుల్లెమ్మ ఒకసారి పేరు పెట్టిందంటే ఇక దాన్ని వదిలించే సబ్బు పల్నాడు మొత్తం మీద దొరకదు.

పేరు రావడానికి కారణం ఉద్యోగమే. నరసరావుపేటలో డిగ్రీ చదివిన ఈ పిల్ల హైదరాబాదు కంపెనీ ఒకదానికి ఇంట్లో కూర్చునే పనిచేస్తుంది. ఆ కంపెనీలో ప్రతి పనికీ కంప్యూటరు తెర మీద ఒక కార్డు ఉంటుంది. అది ఏ టీముదో, ఏ స్ప్రింటుదో దాని మీద రాసి ఉంటుంది. స్ప్రింటంటే పని విడత. కుప్పతెప్పలుగా ఉన్న కార్డుల్లో "ఈ టీము, ఈ స్ప్రింటు" అని ఫిల్టరు పెడితే కావలసినవే మిగులుతాయి, తక్కినవన్నీ మాయమవుతాయి. ఎవరి పని ఎక్కడ ఆగిందో కనుక్కుని, మిగిలిపోయిన కార్డుల్ని తర్వాతి విడతలోకి జరపడం కృష్ణకుమారి పని.

"అంటే మేస్త్రీవన్నమాట," అన్నాడు తండ్రి జక్కయ్య అంతా విని. కంపెనీ వాళ్ళు కూడా అంత బాగా చెప్పలేదు.

జక్కయ్యకు సెంటున్నర మిరపచేను కూడా లేకపోయినా ఊళ్ళో ఒక హోదా ఉంది. శివరాత్రికి కోటప్పకొండకు వెళ్ళే ఊరి ప్రభకు మోకు పట్టే పెద్ద ఆయనే. వెదురుతో ఆకాశమంత కట్టిన ప్రభను లేపేటప్పుడు అది అటూ ఇటూ ఒరగకుండా ఆపేవి ఆ లావుపాటి మోకులే. లేపే ముందు ఒక్కో మోకును ఈ కొసనుంచి ఆ కొసదాకా గుప్పిట్లోంచి జార్చి చూసుకోవడం ఆయనకు అలవాటు. అదయ్యాకే కొబ్బరికాయ.

ఇక ఊళ్ళో తూర్పు బజారుకూ పడమటి బజారుకూ ఉప్పూ నిప్పూ. నిరుడు లైట్లు ఎవరు కట్టాలన్న దగ్గర తలలు పగిలి, ప్రభ కొండకు చేరేసరికి జాతర సగం అయిపోయింది. పక్క ఊళ్ళ వాళ్ళు ఏడాదంతా నవ్వారు. అది తట్టుకోలేక కృష్ణకుమారి ముందుకొచ్చింది. ప్రభ పనులన్నీ కార్డులుగా రాసింది. టీముల చోట బజార్లు, స్ప్రింట్ల చోట వారాలు. ఎవరి ఫోనులో వాళ్ళ బజారు పనులు మాత్రమే, అవీ ఆ వారానివే కనబడేట్టు ఫిల్టరు తానే పెట్టి ఇచ్చింది. ఎదుటి బజారు పని కంట పడకపోతే పోట్లాటే లేదు కదా!

నిజంగానే లేదు. వెదురు వచ్చింది, రంగు కాగితాలు వచ్చాయి, బండి ఇరుసుకు రిపేరు అయింది. తూర్పు బజారు పెద్ద వెంకట్రామయ్య అందరి ముందూ, "మా జక్కయ్య కూతురు, ఏమనుకున్నారు!" అని మీసం దువ్వాడు. ఆ మాటకు జక్కయ్య తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. సంతోషం పట్టలేనప్పుడు ఆయన చేసే పని అదే.

ఒక్క మోకుల దగ్గరే తంటా వచ్చింది. తుపానుకు గోడౌను కారి పాత మోకులు తడిసి లోపల్లోపల చీకాయి. కొత్తవి తేవాలి. మేం తెస్తామంటే మేం తెస్తామని రెండు బజార్లూ లేచాయి, ఎందుకంటే మోకు తెచ్చిన వాళ్ళదే ప్రభ లాగేటప్పుడు ముందు వరస. ఏ బజారులో వేసినా గొడవేనని, కృష్ణకుమారి మూడో టీము ఒకటి పెట్టి, దానికి "ఊరు" అని పేరిచ్చి, ఆ కార్డును అందులో వేసింది. రెండు బజార్ల పెద్దల్నీ కూర్చోబెట్టి మాట్లాడదామనుకుంది. ఇంతలో కంపెనీ స్ప్రింటు ముగింపు నెత్తి మీదికొచ్చింది, ఆ హడావిడిలో మోకుల మాట మరిచిపోయింది.

ప్రభ లేపే రోజు వచ్చింది. పొద్దెక్కేసరికి ఊరు ఊరంతా మైదానంలో ఉంది. నరసరావుపేట నుంచి వచ్చిన ముబారక్ మైకుసెట్టు చెవులు చిల్లులు పొడుస్తోంది. కృష్ణకుమారి ఫోనులో తూర్పు బజారు, చివరి వారం అని పెట్టి చూసింది. అన్నీ పూర్తి. పడమటి బజారు పెట్టింది. అవీ పూర్తి.

"మోకులు ఎవురు చూశారమ్మా?" అడిగాడు జక్కయ్య.

"అన్నీ అయిపోయినయ్ నాన్నా. చూడు, ఒక్కటి మిగల్లేదు," అని ఫోను ఆయన ముఖం ముందు పెట్టింది.

జక్కయ్య ఫోను వంక చూశాడు, చుట్టూ మూగిన జనం వంక చూశాడు, కూతురి వంక చూశాడు. "సరే, కాయ కొట్టండ్రా!" అని కేక వేసి, తన మోకు దగ్గరికి పోయాడు.

డప్పులు మోగాయి. "హరహర మహాదేవ!" అంటూ జనం మోకులు లాగారు. ప్రభ నేల విడిచి పైకి లేస్తోంది. ఆ సంబరంలో కృష్ణకుమారికి ఒక ముచ్చట పుట్టింది. రెండు బజార్ల పనులూ ఒకే తెర మీద పూర్తయినట్టు ఫొటో తీసి ఊరి గ్రూపులో పెట్టాలి. అందుకని ఫిల్టరు మొత్తం తీసేసింది.

తెర మీద అన్నిటికంటే పైన ఒక్క కార్డు ఎర్రగా నిలబడి ఉంది. "పాత మోకులు పనికిరావు. కొత్తవి తేవాలి." టీము: ఊరు. మూడో వారం. ఇంకా మొదలు పెట్టలేదు.

కృష్ణకుమారికి ఒక్క క్షణం ఆ అక్షరాలు ఏ భాషో కూడా తెలియలేదు. తలెత్తి చూస్తే ప్రభ సగం లేచి ఉంది, దాని కింద మనుషులున్నారు, పక్క మోకు భుజాన వేసుకుని నాన్న ఉన్నాడు.

"ఆపండి!" అని అరిచింది. ఎవరికి వినపడాలి? ముబారక్ వైపు పరుగెత్తింది. "అన్నా, ఆపెయ్, ఆపెయ్!" సౌండు పెంచమంటోందనుకుని అతను నవ్వుతూ పెంచాడు. కృష్ణకుమారి వంగి జనరేటరు వైరు పట్టుకుని ఒక్క లాగు లాగింది.

మైదానం మూగబోయింది.

"మోకులు మార్చలేదు! పాతవే! దించండి, దించండి నాన్నా!"

జనానికి లేపడం తెలుసు కానీ సగంలో దించడం ఎవరు చేశారు గనక? మెల్లగా మోకు వదులుతుండగా పడమటి వైపు మోకు ఫట్‌మని తెగింది. ప్రభ ఒరిగింది. బరువంతా జక్కయ్య మోకు మీదికి వచ్చింది. ఆయన వెనకున్న వాళ్ళు భయంతో చేతులు వదిలేశారు. ఆయన వదల్లేదు. మోకు అరచేతుల్ని చీల్చుకుంటూ జారింది, కాళ్ళు నేలను దున్నుకుంటూ పోయాయి. ప్రభ కింద ఉన్న వాళ్ళంతా బయటికి దూకాకే, "ఓరి నాయనో" అంటూ ఆయన కూలబడ్డాడు. ప్రభ పెద్ద చప్పుడుతో ఒక పక్కకు వాలి, వరిగడ్డి మీద పడింది.

"మా ఫోన్లో ఈ పని కనబళ్ళేదు," అన్నాడు వెంకట్రామయ్య.

"మా దాంట్లోనూ లేదు," అంది బుల్లెమ్మ. ఆ రెండు బజార్లూ ఒకే మాట అనడం ఊరు మొదటిసారి విన్నది. బుల్లెమ్మ ముక్కు చీది, "ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా!" అని గొణిగింది. ఎవరూ కృష్ణకుమారిని పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

సాయంత్రానికల్లా రెండు బజార్ల వాళ్ళూ ఒకే ట్రాక్టరెక్కి నరసరావుపేటకు వెళ్ళి కొత్త మోకులు తెచ్చారు. ప్రభ కొండకు వెళుతుంది. జక్కయ్య మాత్రం వెళ్ళడు. రెండు చేతులకూ మణికట్ల దాకా కట్లు.

కృష్ణకుమారి కంచం తెచ్చి తండ్రి ముందు కూర్చుంది. అన్నం కలిపి ముద్ద చేసింది. ఆయన నోటి దగ్గరికి తీసుకెళ్ళబోయి, పొద్దున్నుంచీ గొంతులో ఇరుక్కున్న మాట అడిగేసింది.

"ఏటేటా మోకులు చేత్తో పట్టి చూసుకుంటావు గదా నాన్నా. ఈసారి ఎందుకు చూళ్ళేదు?"

జక్కయ్య కట్ల వంక చూసుకున్నాడు.

"అంతమందిలో నువ్వు అయిపోయినయ్యని చెప్పినాక, నేను మళ్ళీ చెయ్యి పెట్టి చూస్తే ఏం బాగుంటదమ్మా? కన్న తండ్రే నమ్మలేదంటారు. నీకు చానా చిన్నతనంగా ఉంటది గదా."

ముద్ద కృష్ణకుమారి చేతిలోనే ఉండిపోయింది.