ఎర్రబోర్డు కారు

పుష్పకుమారి మోకాలు ఈ మధ్య చెప్పిన మాట వినడం మానివేసింది. జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖలో, గృహహింస కేసులు చూచే విభాగంలో ఆమె అవుట్‌సోర్సింగ్ ఉద్యోగిని. చట్టం కాగితం మీద చక్కగానే నడుస్తుంది. దానిని ఇసుకదారుల వెంట గడపగడపకూ మోయవలసినవి మాత్రం ఇటువంటి మోకాళ్ళే.

ఆమెకొక పద్ధతి ఉన్నది. నెల్లూరు నుండి వచ్చే శాఖవారి అద్దెకారును ఏ పల్లెలోనికీ రానివ్వదు. కారు ముందు శాఖ పేరుగల ఎర్రబోర్డు ఉంటుంది. ఆ బోర్డు ఒక గడప ముందు ఆగినదంటే, పొద్దు వాలేలోగా ఆ ఇంటి గుట్టు చేపల గంపలతో పాటు ఊరు దాటుతుంది. ఆపైన ఆ ఇల్లాలు నోరు విప్పదు. అందుచేత కారును తారురోడ్డు మీద ఐస్ ఫ్యాక్టరీ దగ్గర నిలిపించి, తెల్లచీరతో, చేత బైబిలుతో నడిచి వెళుతుంది. ప్రార్థనకు వచ్చిన ఆడమనిషిని క్రైస్తవుల ఇండ్లలో ఎవరూ వాకిట నిలబెట్టరు. ప్రార్థన కూడా ఆమె మనస్ఫూర్తిగానే చేస్తుంది గనుక, అది దొంగవేషమని ఏనాడూ అనుకోలేదు.

ఆనాడు వెళ్ళినది కావలికి తూర్పున, రొయ్యల గుంతల నడుమనున్న పల్లెకు. అక్కడి ఇల్లాలు అబిగయీలు ఆమెకు రెండుమార్లు ఫోను చేసి, రెండుమార్లూ వద్దులే అక్కా అన్నది. భర్త ఆనందబాబు గుంతల మీద కాపలా. అతడు చెయ్యి విరిచినప్పుడు, మెట్ల మీద జారి పడ్డానని ఆమె ఆసుపత్రిలో చెప్పింది. ఆ ఇంటికి మెట్లే లేవు. వచ్చే ఆదివారం దాటితే అతడామెను భీమవరం వైపు గుంతల పనికి తీసుకొని పోతాడు. అక్కడ ఆమెకు తెలిసిన గడప ఒక్కటీ ఉండదు. కోర్టులో రక్షణ కోరాలంటే ఈలోగానే ఆమె కదలి రావాలి.

వాకిట అబిగయీలు అత్త గురవమ్మ చింతపండు పిక్కలు తీస్తున్నది.

"వందనాలమ్మా. యాడనించి?"

"వందనాలు. నెల్లూరు నుంచి. చిన్న ప్రార్థన చేసిపోదామని వచ్చినా."

"చెయ్యి తల్లీ. మా కోడలి నోటికి గూడా ఒకటి చెయ్యి. ఆ నోరుండబట్టే ఇంట్లో ఇన్ని గొడవలు."

ప్రార్థన ముగిసింది. గురవమ్మ మజ్జిగ కోసం లోపలికి పోగానే, పుష్పకుమారి అబిగయీలు దగ్గరకు జరిగి గొంతు తగ్గించింది.

"ఏమ్మా, వస్తావా?"

"రాలేనక్కా. ఊరంతా చూస్తది. నలుగురికీ తెలిస్తే మా అమ్మోళ్ళు తలెత్తుకోలేరు."

"బతికుంటేనే గదమ్మా పరువు."

"నువ్వట్నే అంటావు. నువ్వు పొయ్యేదానివి, నేనుండేదాన్ని."

ఈ మాట ఎన్ని వాకిళ్ళలో విన్నదో పుష్పకుమారికే తెలియదు.

అంతలో హారను మోగింది. ఎర్రబోర్డు కారు తిన్నగా వచ్చి వాకిట ఆగింది. కొత్తగా వచ్చిన డ్రైవరు కలీం తల బయట పెట్టినాడు.

"నువ్వట్టా కుంటుకుంటా పోతావుంటే చూళ్ళేకపోయినా అక్కా. ఎండ చూడు ఎట్టుందో. ఎక్కు."

పుష్పకుమారి వెనక్కు పొమ్మని చెయ్యి ఊపింది. అప్పటికే చుట్టుప్రక్కల ఆడవారు చేరినారు.

"ఏం మే గురవమ్మా, అంగన్‌వాడీ బండా?"

"కాదు మే, మొగుడు కొడితే వచ్చే బండి!"

అప్పుడే బయటికి వచ్చిన గురవమ్మ మజ్జిగ చెంబును నేలకేసి కొట్టింది. "బైబిలు పట్టుకోనొచ్చి కొంప కూలుస్తావా? నీకు దేవుడి భయం లేదా?"

"ఉందమ్మా. ఉండబట్టే వచ్చినా," అన్నది పుష్పకుమారి. ఇంతకాలపు జాగ్రత్త ఒక్క హారనుతో పోయినదని, ఇక ఈ పిల్ల రాదని ఆమెకు తోచింది.

ఇంతలో ప్రక్కింటి క్యాథరిన్ ముక్కు మీద వేలు వేసుకొన్నది. "ఇన్నాళ్ళకా వచ్చేది? చెయ్యి విరిగిన్నాడే వస్తారనుకున్నాం."

అబిగయీలు ఆమె వంక తిరిగింది. "నీకు తెలుసా వదినా?"

"గోడకు గోడ గదా. తెలవకేం."

అబిగయీలు ఒక్కొక్క ముఖమే చూచింది. ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. "అయితే నేనొక్కదాన్నే దాచిపెట్టుకుంటా ఉండానా?" అని తనలో తానన్నట్లు అని, లోనికి పోయి గుడ్డసంచి తెచ్చుకొని, చెప్పులు తొడుగుకొని కారెక్కింది. గురవమ్మ కొడుక్కు ఫోను కలిపింది.

గుంతల గట్టు మీద ఆనందబాబు బండి ఎదురయింది. కారుకు అడ్డంగా రాబోయి, బోర్డు చూచి ప్రక్కకు తీసినాడు. అబిగయీలు గట్టు దాటేదాకా తల పైకెత్తలేదు.

"మళ్ళా నేనే తిరిగి పోతానేమో అక్కా."

"పోతే పోదువులే. మా నెంబరు మారదు."

అట్లా తిరిగి పోయినవారు ఆమెకు లెక్కలేనంత మంది. అయినా ఈ పూట ఒకరు కారెక్కినారు.

తారురోడ్డు ఎక్కినాక కలీం అడిగినాడు. "తప్పు చేసినానా అక్కా? రేపు ఇంకో పల్లె గదా. లోపలికి పోనిచ్చేదా, ఐస్ ఫ్యాక్టరీ దగ్గరే ఆపేదా?"

పుష్పకుమారి మోకాలు ఒత్తుకుంటూ కళ్ళు మూసుకొన్నది.

"దూరంగానే ఆపన్నా. అన్ని ఊళ్ళూ ఒకటి గావు."