నల్ల చుక్క నడిబొడ్డున ఏముండాది?

కరోనా లాక్‌డౌన్లు అయిపోయిన మరుసటి వేసవిలో నన్ను రేణిగుంట దగ్గరి ఒక డిస్‌ప్లే ఫ్యాక్టరీకి ఫెయిల్యూర్ అనాలిసిస్ విభాగాధిపతిగా వేశారు. విభాగాధిపతి అనగానే చేతికింద పటాలం ఉందనుకోకండి. ఆ విభాగంలో ఉన్నది ఒక మైక్రోస్కోపు, ఒక అతినీలలోహిత దీపం, ఒక తిరిగే కుర్చీ, నేను. సెలవు కావాలంటే నాకు నేనే అర్జీ పెట్టుకుని, నేనే రెండుసార్లు తిప్పికొట్టి, మూడోసారి జాలిపడి మంజూరు చేసుకునేవాణ్ణి. ఆగిపోయిన తెరను విప్పి, ఎందుకు ఆగిపోయిందో చెప్పడం మా పని. పోస్టుమార్టం డాక్టరుకూ నాకూ ఒకటే తేడా. ఆయన దగ్గరికి బంధువులు ఏడుస్తూ వస్తారు, నా దగ్గరికి మేనేజర్లు అరుస్తూ వచ్చేవాళ్ళు.

మేం చేసేవి ఆర్గానిక్ తెరలు. ఆ మాట విని మా బావమరిది మందు కొట్టని వంకాయల కోసం సంచీ పట్టుకుని గేటు దాకా వచ్చాడు. ఇక్కడ ఆర్గానిక్ అంటే కర్బన సమ్మేళనాలు. కరెంటు పారితే వెలిగే రకాలు కొన్ని ఉన్నాయి. గాజు పలక మీద ముందుగా కరెంటును మోసే పారదర్శకమైన పూత ఉంటుంది. దాని మీద ఈ వెలిగే పొరలు, వాటి మీద అల్యూమినియం. అన్నీ కలిపినా తలవెంట్రుక మందాన్ని కొన్ని వందల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. అంత పలచని పొరల మీద దుమ్ము రేణువు పడితే మన ఇంటి మీద ఏడుకొండల్లో ఒక కొండ పడినట్టే. అందుకే పూతలు పూసే గదిలోకి పోవాలంటే నెత్తి నుంచి అరికాలి దాకా తెల్ల ముసుగు. ఆ వేషంలో మా సిబ్బంది చంద్రుడి మీదికి బయల్దేరి పొరపాటున తిరుపతి బస్టాండులో దిగిపోయినవాళ్ళలా ఉండేవాళ్ళు.

పూతల పని అంతటికీ పెద్ద, ప్రాసెస్ మేనేజర్ మునిరత్నం. హోదాలో నాకంటే ఒక మెట్టు పైన. చిత్తూరు మనిషి. ఆయన ఫ్యాక్టరీలో నిలబడి ‘ఏమప్పా’ అంటే రేణిగుంట రైల్వే ప్లాట్‌ఫారం మీద పదిమంది ‘ఏం సార్’ అని వెనక్కి తిరిగేవాళ్ళు. పని తెలిసినవాడు. ఏ పలకనైనా తానే వంగి, ముక్కు ఆనేంత దగ్గరగా చూస్తే గానీ నమ్మడు. ఆ ఏడు మాకు మొదటి పెద్ద ఆర్డరు వచ్చింది. కొనేవాళ్ళ పరీక్షలో మా నమూనాలు గట్టెక్కితే తలనీలాలిస్తానని ఆయన మొక్కుకున్నాడు. గట్టెక్కాయి. అలిపిరి నుంచి మెట్లెక్కి పోయి మొక్కు తీర్చుకుని వచ్చాడు. అందరం లడ్డూ తిని, చేతులు కడుక్కుని, అసలు సరుకు తయారీ మొదలుపెట్టాం.

ఆ సరుకులో చుక్కలు పడ్డాయి.

తయారైన రోజు తెర నిండుగా వెలిగేది. గోదాములో కొన్నాళ్ళుంచి మళ్ళీ వెలిగిస్తే మీద నల్ల చుక్కలు. ఒక్కొక్కటి వృత్తలేఖినితో గీసినంత గుండ్రం. ఇంకొన్నాళ్ళాగితే ఇంకాస్త పెద్దవి. మా వృత్తిలో దీన్ని డార్క్ స్పాట్ అంటారు. చుక్క పెరుగుతోందంటే పొరల మధ్య తేమ పాకుతోందని అర్థం. తెరకు పైన మూత గాజు అతికించి ఎంత మూసినా అంచుల్లోంచి ఎంతో కొంత తేమ దూరుతుంది. లోపల దానికి దారి ఎవరిచ్చారన్నదే ప్రశ్న.

మునిరత్నం జవాబు ముందే కనిపెట్టేశాడు. ఆయన జవాబు పేరు రెడ్డెమ్మ.

కడిగిన గాజు పలకలను పూత యంత్రంలో పెట్టే పని రెడ్డెమ్మది. ఏర్పేడు దగ్గర పల్లె. అంతకుముందు చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో చేసేది. అక్కడ కాయ ఉన్నన్నాళ్ళే పని, కాయ అయిపోతే ఇంటికి. ఏడాది పొడుగునా జీతం వచ్చే ఉద్యోగం ఆమెకు ఇదే మొదటిది. ఆ ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. ఆమె మొహానికి పౌడరు వేసుకుని కంపెనీ బస్సు దిగుతుండగా మునిరత్నం చూశాడు.

“పౌడరేనప్పా ఇది. మొగం సూడు, సున్నం కొట్టిన గోడ మాదిరి ఉండాది. సోమవారం నుంచి ఆమె వద్దని కాంట్రాక్టరుకు చెప్పేసినా” అన్నాడు.

ఆ సోమవారమే కొనేవాళ్ళ తనిఖీ బృందం వస్తోంది. వాళ్ళకు ఒక కారణం చూపించాలి, తీసుకున్న చర్య ఒకటి చూపించాలి. రెడ్డెమ్మ రెండింటికీ సరిపోయింది.

ఆమెను పిలిచి అడిగాను. “ఇంటికాడ ఏసుకుంటా సారూ. ఈడికొచ్చినాక సబ్బు పెట్టి కడిగేసుకున్నాకే ముసుగు తొడుక్కుంటా. అయినా మొగాన పూసుకుండేది గాజు మీదికి యాడ పోతాది? దానికేమన్నా కాళ్ళుండాయా?” అంది.

అది మంచి ప్రశ్న. దుమ్ముకు కాళ్ళుంటాయి. ఎవరి దుమ్ము నడిచొచ్చిందన్నదే తేలాలి. మునిరత్నాన్ని గడువడిగాను. “శనివారం దాకా తీసుకో. ఆ మీద నన్నడగొద్దు” అన్నాడు.

ముందు గాజును అనుమానించాను. దీనికో చిన్న పరీక్ష ఉంది. కడిగిన పలక మీద ఒక నీటి బొట్టు వేసి పక్కనుంచి చూడాలి. ఉపరితలం శుభ్రంగా ఉంటే బొట్టు పలచగా పరుచుకుంటుంది. కంటికి కనపడని జిడ్డున్నా సరే, ముడుచుకుని ముత్యంలా కూర్చుంటుంది. గాజుకూ నీటికీ ఎంత పొత్తుందో ఆ బొట్టు అంచు వాలు చూసి చెప్పేయొచ్చు. మా పలకల మీద బొట్టు, సర్వదర్శనం గేటు తెరిచినప్పుడు జనంలా పరుచుకుంది. అంటే కడగడంలో తప్పులేదు. వచ్చిందేదో కడిగిన తర్వాతే వచ్చింది.

తర్వాత చుక్క సంగతి. తెరకు కరెంటిచ్చి మైక్రోస్కోపు కింద పెడితే చుక్క కాటుకంత నలుపు. కరెంటు తీసేసి, అదే చోట అతినీలలోహిత కాంతి వేశాను. ఈ కర్బన పొరలు ఆ కాంతి తగిలితే కరెంటుతో పనిలేకుండా వాటంతటవే వెలుగుతాయి. చచ్చిపోయిందనుకున్న చుక్క చుట్టుపక్కల భాగంతో సమానంగా పచ్చగా వెలిగింది! నేను కుర్చీతో సహా వెనక్కి పోయి గోడకు కొట్టుకున్నాను. గోడ పెచ్చు ఊడిందని రాద్దామనుకున్నాను గానీ, ఊడలేదు.

దాని అర్థం ఇది. వెలిగే పొర బాగానే ఉంది. అల్యూమినియమూ పైకి చూస్తే బాగానే ఉంది. ఆ రెండూ ఆనుకునే చోటే చెడింది. తేమ ఆ సందులో దూరి అల్యూమినియం అడుగును తుప్పు పట్టించి పైకి లేపేసింది. ఒకే ఇంట్లో ఉంటూ మాటలు మానేసిన తోడికోడళ్ళలాగా ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు, మధ్యలో కరెంటు మాత్రం నడవడం లేదు. పదార్థం చచ్చిపోవడం వేరు, పొత్తు తెగిపోవడం వేరు. బయటినుంచి చూస్తే రెండూ ఒకే నలుపు.

ఇక దారి ఎవరిచ్చారు? చుక్క గుండ్రంగా ఉందంటే తేమ ఒక కేంద్రం నుంచి చుట్టూ సమానంగా పాకిందన్నమాట. నడిబొడ్డున వెతికితే ప్రతి చుక్కలోనూ ఒక రేణువు దొరికింది. పలక మీద రేణువు పడితే పైన పూసే అల్యూమినియం దాని పక్కల్ని సరిగా కప్పలేదు, సన్నని రంధ్రం మిగులుతుంది. తేమకు అదే గుమ్మం. టేపు అంటించి అల్యూమినియాన్ని లేపి, ఒక రేణువును పట్టుకున్నాను. చీపురు పుల్లను చీల్చినట్టు పొడుగ్గా, పేళ్ళు పేళ్ళుగా ఉంది. దీపం వేస్తే మసకగా, నీలం కలిసిన తెలుపులో వెలిగింది.

రెడ్డెమ్మ చేత పౌడరు డబ్బా తెప్పించాను. అది రాతి పొడి. దీపం కింద రాయిలాగే మొద్దుగా పడుకుంది, పేళ్ళ జాడే లేదు. ఆమె తల ఊపి, “ఇప్పుడు నా మొగం సల్లబడింది సారూ. ఆ సారు మొగం ఎట్లుంటాదో సూడాల” అంది. నేను మాత్రం అంత తొందరపడలేదు. ఆమె కాదని తేలితే చాలదు, ఎవరన్నది చూపించకపోతే సోమవారం ఆమె ఇంట్లోనే ఉంటుంది. అందుకని ఫ్యాక్టరీలో మనిషి ఒంటిమీద ఉండగల సమస్త పొడులనూ సేకరించాను. విభూతి, కుంకుమ, పసుపు, ముసుగుల దారప్పోగులు. క్యాంటీన్ మాస్టర్ నల్లకారం కూడా తెచ్చి, ఇడ్లీకి నంజుకున్నాక ఎలా ఉందో చెప్పమన్నాడు. పసుపు దీపం కింద ఊరేగింపు రథంలా వెలిగింది గానీ దాని రంగు వేరు. విభూతి వెలగలేదు. దారప్పోగు ఒకటే తీగలా ఉంది, పేళ్ళు లేవు. పేళ్ళుగా చీలి, ఆ రంగులో వెలిగేది చెక్క ఒకటే మిగిలింది. దుమ్ములేని గదిలోకి చెక్క ఎక్కడిది? అందులో బల్లలు, కుర్చీలు, తలుపులు అన్నీ ఉక్కువే.

శనివారం పొద్దున మునిరత్నం నా గదికి వచ్చాడు. నా గది పూతల గది బయట, కాబట్టి ముసుగు లేదు. “ఏమప్పా, పౌడరేనా?” అన్నాడు. కాదు సార్, చెక్క, అన్నాను. “చెక్కా? యాడ, నేను సూడాల” అంటూ తన అలవాటు కొద్దీ మైక్రోస్కోపు మీదికి పూర్తిగా వంగాడు. కాసేపు చూసి, “ఒకటన్నావు, రెండుండాయి గదా” అన్నాడు.

రెండా? ఆయన్ను జరిపి చూశాను. నిజమే, రెండు. ఇందాక ఒకటే ఉంది. నేను చూస్తుండగానే, మళ్ళీ వంగబోతున్న ఆయన కింద మూడోది వచ్చి వాలింది.

అప్పుడు తలెత్తి మునిరత్నం తలను మొదటిసారి చూశాను. అప్పటికి ఎన్నో రోజులుగా రోజూ చూస్తున్న తలే. నున్నటి గుండు, దాని మీద ఎండి, నెర్రెలిచ్చి, అంచుల్లో లేస్తున్న గంధం. వేరే ఊళ్ళో అయితే వాచ్‌మన్ కూడా గేటు దగ్గరే ఆపి ఏమిటిది అని అడిగేవాడు. తిరుపతిలో గంధం పూసిన గుండు ఎవరికీ కనిపించదు. బస్సులో ముగ్గురు, హోటల్లో ఏడుగురు, ఆఫీసులో ఒకరు ఎప్పుడూ ఉంటారు. దాన్ని మా కళ్ళు గాలిలాగా దాటేస్తాయి.

“సార్, గంధం మీరింకా పూస్తున్నారా?”

“ఎండలకు సల్లగా ఉంటాదని గుండు గీయించుకుంటానే ఉండా, మా అత్త దినామూ గంధం పూసి పంపిస్తాది. ఏం?”

నేను కిటికీ తెర లాగి, గది చీకటి చేసి, ఆ అతినీలలోహిత దీపాన్నే చేత్తో పట్టుకుని ఆయన తల మీద వేశాను. గదిలో పౌర్ణమి అయింది. పౌర్ణమి అన్నది నా పైత్యం, నిజానికి మసక వెలుగే. కాని భుజాల మీద, చొక్కా కాలరు మీద, చెవి వెనక, ఎక్కడ చూసినా అదే నీలం కలిసిన తెలుపు చుక్కలు. అంగట్లో గంధం పేరుతో అమ్మే పొడిలో చాలాభాగం ఏదో ఒక చెక్క పొట్టే. అది ముసుగు లోపల రాలి, మొహం దగ్గరి సందులోంచి, ఆయన వంగి చూసిన ప్రతి పలక మీదా పడింది. తెరలు గట్టెక్కాలని మొక్కిన మొక్కు తీర్చుకుని, ఆ తీర్చుకున్న తలతోనే వాటిని ముంచాడు.

మునిరత్నం అద్దం అడిగాడు. నా విభాగంలో అద్దం లేదు. సెల్‌ఫోన్‌లో ఫోటో తీసి చూపించాను. చాలాసేపు చూశాడు. ఆ గొంతు ఇంత చిన్నగా పలకగలదని నాకప్పటిదాకా తెలియదు. “మల్లా మొక్కుకుందాం అనుకుంటి గదప్పా” అన్నాడు. రెండో మొక్కుకు తలమీద ఇవ్వడానికేమీ మిగల్లేదని నేను అనలేదు. హోదాలో ఒక మెట్టు పైవాడు.

ఆయన గొప్పతనం ఒకటి చెప్పాలి. మాట వెనక్కి తీసుకోవడానికి శనివారం సాయంత్రం దాకా కూడా ఆగలేదు. నా ఎదుటే కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, రెడ్డెమ్మ విషయం ఆపమన్నాడు. ఆపమన్నాడు గానీ, రద్దు అనలేదు. పరీక్ష చేసి తేలాకే రద్దన్నాడు. అదీ సబబే. ఆ పరీక్ష కోసం ఒక విడత పలకలు రెడ్డెమ్మే పెట్టింది. మునిరత్నం పూతల గది గాజు కిటికీ బయట నిలబడి, వంగడానికి పలక లేక, చేతులు కట్టుకుని చూశాడు. సోమవారం తనిఖీ బృందానికి నేను చుక్క, రేణువు, దీపం చూపించాను. కారణం దగ్గర మునిరత్నమే తన తల చూపించాడు. ఆయన తల ఎందుకు చూపిస్తున్నాడో వాళ్ళకు అర్థంకాక మర్యాదగా నమస్కారం పెట్టారు. తర్వాత విడమరిచి చెబితే, ఈ విడత గోదాములో నిలిచి తేలేదాకా ఆర్డరు ఆపి ఉంచుతామన్నారు.

ఆ తెరలను గోదాములో మామూలు గడువు దాటేదాకా ఉంచి వెలిగించాం. చుక్కలు లేవు. ఆర్డరు మాకే దక్కింది. రెడ్డెమ్మ కాంట్రాక్టును తిరిగి రాశారు. పాత పని కాదు, తెరలను వెలిగించి చూసి పాస్ చేసే పని ఇచ్చారు. మొదటి రోజు మునిరత్నం తెచ్చిన తెరను ఆమె చేత్తో అందుకోకుండా, “సారూ, ఆ బల్ల మీద పెట్టేసి రొంత ఎడంగా నిలబడండి” అంది. ఆయన నిలబడ్డాడు.

ఈ సంఘటన తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను రెండు పద్ధతులు పాటించాను. ఆగిపోయిన తెర వస్తే, పొర చెడిందా, పొరలు ఆనుకునే చోటు చెడిందా అన్నది ముందు దీపం వేసి తేల్చుకునేవాణ్ణి. అది తేలకముందు ఎవరి పేరూ రాయలేదు. రెండోది, మాకు అలవాటైపోయి కంటికి ఆనని వస్తువులను అనుమానితుల్లో మొదట చేర్చేవాణ్ణి. తెలియని వస్తువును ఎవరైనా అనుమానిస్తారు, దానికి ఒక విభాగమూ అధిపతీ అక్కర్లేదు.