మనోళ్ళు గెలిచినారు

మా చిన్నప్పుడు... తమిళ సీమలోని మా బొమ్మిడి స్టేషన్లో పాలు పోసి, రైల్లో వచ్చే తమిళ పేపరు కోసం మా అన్న గోపాలు అక్కడే కాచుకుని ఉండేవాడు. తనకేమో చదవడం రాదు. చదివి చెప్పేది కరీం... అన్నకు ప్రాణ స్నేహితుడు.

ఇద్దరికీ క్రికెట్ పిచ్చి. శనక్కాయలు పెరికేసిన చేలో కొబ్బరి మట్ట, గుడ్డ బంతి... పొద్దు గూకే దాకా అదే లోకం.

కరీం తెలుగు నేర్చుకున్నది మా అమ్మ చేతి సంగటి తింటూనే. 'మా', 'మన' తేడా మాత్రం వాడికి పట్టుబడలేదు. వాళ్ళ ఉర్దూలో రెండింటికీ ఒకటే మాటట. "మన నాయన మసీదుకు పోయినాడు" అనేవాడు... మేం పడీ పడీ నవ్వేవాళ్ళం.

ఆ రోజుల్లో బొంబాయిలో మతానికో జట్టు కట్టి ఆడేవాళ్ళు. దేశాన్ని చీల్చాలన్న మాటలు కూడా అప్పటికే మా టీ అంగడి దాకా వచ్చేశాయి. ఆ ఏడు ఫైనలు హిందువుల జట్టుకూ, ముస్లింల జట్టుకూ పడింది.

కరీం పేపరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "మనోళ్ళు గెలిచినారు గోపాలూ."

హిందూ జట్టే గెలిచిందనుకున్నాడు మా పిచ్చి అన్న. ఉట్టి మీది బెల్లం దించి టీ అంగడిలో అందరికీ పంచాడు. అక్కడివాళ్ళు ఒకటే నవ్వు... ఓడిపోయినందుకు బెల్లం పంచేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నామని.

అన్న ముఖం మాడిపోయింది. "నన్ను ఎగతాళి చేసినావా?" అని కరీంను నిలదీశాడు.

"లేదురా... నేనెప్పుడూ అట్నే కదా అనేది."

"మనోళ్ళు కాదు. మీవోళ్ళు. పో, వాళ్ళ కాడికే పో."

వాడు 'మా' అనాల్సిన చోట 'మన' అన్నాడని అన్నకు తెలియక కాదు. నలుగురిలో నవ్వులపాలయ్యానన్న రోషం. కరీం పేపరు మడుచుకుని వెళ్ళిపోయాడు.

మూడు నెలలు అన్న పంతం వీడలేదు. అమ్మ పోరు పడలేక చివరికి ఒకరోజు కరీం ఇంటికి వెళ్ళాడు. వెళ్ళినంత సేపు పట్టలేదు, తిరిగొచ్చి గొడ్ల కొట్టంలో కూర్చుని ఏడ్చాడు.

"తిట్టినాడా?" అంది అమ్మ.

"తిట్టింటే బాగుండు అమ్మా... 'రాండి, కూచోండి' అన్నాడు. నన్ను."

ఆ తర్వాత దేశం రెండయింది. వాళ్ళిద్దరూ మాత్రం అదే ఊళ్ళో ముసలివాళ్ళయ్యారు... అండీ అంటే అండీ అనుకుంటూ. ఇప్పుడు ఇద్దరూ లేరు.

మ్యాచ్ రోజున మా మునిమనవలు ఫోన్లలో ముక్కూ మొహం తెలియని వాళ్ళను తిట్టిపోస్తుంటే నాకు దిగులేస్తుంది...

ఆట పేరు చెప్పి పోగొట్టుకున్న స్నేహితుడు మీకూ ఉన్నాడా? ఇప్పుడు ఎదురుపడితే... ఒరేయ్ అంటాడా, అండీ అంటాడా?