మాట్లాడని టైర్లు

ఆ రోజుల్లో అంటే మరీ ఎద్దుబండ్ల రోజులేమీ కాదు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్న రోజులే, ఏ సందేహం వచ్చినా బొటనవేలితో తీర్చుకునే రోజులే. అయినా ఒక మనిషి తన కొంప తనే ముంచుకోకుండా ఎలా ఉండాలో చెప్పే వీడియో మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు. అప్పుడు నేను తిరువూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరర్ని. పిల్లలకి ధ్వని పాఠం చెప్పేవాణ్ని. (నవ్వకండి, అసలు కథ ఇంకా మొదలే కాలేదు.) చెవికీ మెదడుకీ మధ్య ఏం జరుగుతుందో బోర్డు మీద రంగుల సుద్దముక్కలతో బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ని. నోటికీ చెవికీ మధ్య ఏం జరుగుతుందో ఆ సిలబస్‌లో లేదు.

రెడ్డిగూడెంలో మామిడితోట ఉన్న మా బాబాయ్ కొత్త బండి కొనుక్కుంటూ పాత కారు నాకు అంటగట్టాడు. టైర్లు అరిగిపోయి ఉన్నాయి, మార్చాలి. ఏం వేయించమంటావని అడగడమే నా పొరపాటు. "ఒరేయ్ అబ్బాయ్, టైరంటే నేలని కరిచి పట్టుకోవాల్రా. సన్న గీతల టైర్లేయిస్తే వానాకాలం తోటలో దిగబడతావు, నిన్ను లాగడానికి మళ్లీ నేనే ట్రాక్టరు కట్టాలి" అని దగ్గరుండి, అరచేతి మందాన రబ్బరు గుండీలున్న టైర్లు బిగించి పంపాడు. నేను తోటకి వెళ్లేది మామిడిపళ్లప్పుడు మాత్రమే. మిగతా కాలమంతా కంకర తేలిన తారురోడ్డు మీద తిరగాలి. ఆ కంకర మీద ఆ గుండీలు పడితే పిండిమరలో కూర్చున్నట్టుండేది. ఊళ్లు వచ్చినప్పుడు సిమెంటు రోడ్డు, దాని మీద అడ్డగీతలు. అక్కడ మర ఆగి రోకళ్లు మొదలయ్యేవి. రేడియో పెడితే పాడుతున్నది ఆడో మగో తెలిసేది కాదు. అయినా సర్దుకుపోయాను, కారులో ఎప్పుడూ నేనొక్కణ్నే కాబట్టి.

అలాంటి సమయంలో నాకు సంబంధం కుదిరింది. అమ్మాయిది విస్సన్నపేట, అక్కడే టీచరు. పెళ్లిచూపుల్లో చూశాను. మెల్లగా మాట్లాడుతుంది, అడిగినదానికి నేరుగా కళ్లలోకి చూసి జవాబు చెబుతుంది. నాకు ఎంత నచ్చిందంటే, ఆ రాత్రి అన్నంలో మజ్జిగ బదులు మంచినీళ్లు పోసుకుని తినేశాను. ఇరువైపులా సరేనన్నారు. తాంబూలాలకి మంచిరోజు చూడటమే మిగిలింది. ఇంతలో ఆ అమ్మాయి టీచర్ల ట్రైనింగని తిరువూరు వచ్చింది. సాయంత్రం మా అమ్మ, "బస్సులో ఎందుకు పంపడం? కారుంది కదా, నువ్వు దింపిరా. నాలుగు మాటలు మాట్లాడుకున్నట్టూ ఉంటుంది" అంది. పాపం, ఆవిడ మంచికే చెప్పింది.

ఊరు దాటామో లేదో కంకర మొదలైంది. ఆ అమ్మాయి నా వైపు తిరిగి ఏదో అడిగింది. పెదాలు కదలడం కనిపించింది, మాట మాత్రం గుండీల కింద పడి నలిగిపోయింది. "ఆఁ?" అన్నాను. మళ్లీ చెప్పింది. మళ్లీ వినపడలేదు. మూడోసారి అడిగితే చెవిటివాడనుకుంటుందేమోనని భయం. అందుకని "ఊ" అన్నాను. మన పెంపకం అలాంటిది మరి. చిన్నప్పుడు కథ చెప్పే అమ్మమ్మ మొదటే ఊ కొట్టమంటుంది, కొట్టకపోతే నిద్రపోయాడని కథ ఆపేస్తుంది. మనిషి మాట్లాడుతుంటే ఊ కొట్టకుండా కూర్చోవడం మనకి చేతకాదు. ఆ అమ్మాయి ఇంకేదో అడిగింది. "ఊ." మరొకటి అడిగింది, ముఖం కొంచెం సీరియస్‌గా ఉంది. రోడ్డు గురించి అయ్యుంటుందని జాలిగా తలాడిస్తూ ఇంకా గట్టిగా "ఊ" అన్నాను. విస్సన్నపేట దగ్గరికొచ్చేసరికి "నాన్నగారికి" అన్న మాటా "చెప్ప" అన్న ముక్కా చెవిన పడ్డాయి. నమస్కారాలు చెబుతానంటోంది కాబోలని మురిసిపోయి, "తప్పకుండా చెప్పండి!" అన్నాను నవ్వుతూ. వాళ్ల వీధి మొదట్లో దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. సిగ్గు అనుకున్నాను. దారంతా ఈల వేసుకుంటూ వచ్చాను, అదీ నాకు వినపడలేదు.

మర్నాడు మధ్యాహ్నం కాలేజీ నుంచి ఇంటికొచ్చేసరికి అమ్మ వీధి గుమ్మంలోనే ఉంది.

"పెళ్లయ్యాక ఆ పిల్ల ఉద్యోగం మానెయ్యాలన్నావంటగా?"

"ఎవరు, నేనా?"

"మీ అమ్మగారికీ అదే ఇష్టమా అంటే ఊ అన్నావంట. నేనెప్పుడన్నాన్రా? నువ్వు ఇష్టపడి చేసుకోవట్లేదా, పెద్దాళ్లు చెప్పారని ఒప్పుకున్నావా అంటే దానికీ ఊ అన్నావంట! అయితే వద్దని మా నాన్నగారికి నేనే చెప్పనా అని ఏడుపు మింగుకుని అడిగితే, తప్పకుండా చెప్పండి అని పళ్లికిలించావంట. ఆ పిల్ల రాత్రంతా అన్నం తినలేదు. వాళ్ల నాన్నగారు ఫోన్ చేసి అడుగుతుంటే నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు."

"అమ్మా, నాకు ఒక్క ముక్క వినపడలేదే" అన్నాను. "వినపడకపోతే ఊ ఎందుకన్నావురా?" అని అడిగింది. "ఇప్పుడే ఫోన్ చేసి ఆ అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పు. వాళ్లు వేరే సంబంధాలు చూడటం మొదలెడతారు, ఆలస్యం చెయ్యకు" అని ఫోన్ నా చేతిలో పెట్టింది.

అక్కడ నాలోని ఫిజిక్సు లెక్చరర్ మేల్కొన్నాడు. వాడు మేల్కొన్నప్పుడల్లా నాకు నష్టమే. ఫోన్లో చెబితే సాకులనుకుంటుంది, నిరూపించాలి అనుకున్నాను. ముందు చప్పుడు చెయ్యని టైర్లు వేయించాలి, ఆ అమ్మాయిని అదే కారులో, అదే రోడ్డు మీద తీసుకెళ్లాలి, ప్రతి ప్రశ్నకీ సరైన జవాబు చెప్పాలి. అదీ నా ప్రయోగం. అమ్మకి చెబితే నా నుదురు ముట్టుకుని చూసింది, జ్వరమేమోనని.

ఇక మొదలైంది నా తపస్సు. ఫోన్లో టైర్ల గురించి చదివాను. ఏ దేశంలోనో నున్నటి రోడ్ల మీద తిరిగేవాళ్లు 'కొంచెం శబ్దం వస్తోంది' అని బాధపడుతూ రాశారు. వాళ్లని మన రోడ్డు మీద ఒక్కసారి తిప్పితే మళ్లీ జన్మలో రాయరు. గుండీలు చిన్నవిగా, ఒకేలా లేకుండా ఉంటే మోత తగ్గుతుందని తెలిసింది. రబ్బరు మెత్తగా ఉండాలని తెలిసింది. కాలేజీ ల్యాబులోంచి వెర్నియర్ కాలిపర్స్ పట్టుకెళ్లి టైర్ల కొట్లో ఆ గుండీల మధ్య గాడుల లోతు కొలిచాను. కొట్టు యజమాని ప్రతి టైరునీ అరచేత్తో చరిచి, "ఇది అస్సలు మాట్లాడదండీ" అనేవాడు. కొట్లో వేలాడుతున్నప్పుడు ఏ టైరు మాట్లాడుతుంది కనక! "పోయినసారి బాబాయ్ గారితో వచ్చి తీసుకున్నవి?" అంటే, "అవి కూడా మాట్లాడవనే చెప్పానండీ. మీ రోడ్డే మాట్లాడుతోంది" అన్నాడు తడుముకోకుండా. నాకు కావలసిన రకం బెజవాడ నుంచి రావాలన్నారు. వచ్చాయి, సైజు తేడా. వెనక్కి పంపారు. బాబాయ్ ఫోన్ చేసి, "మెత్తటి టైర్లా? చెప్పులు లేకుండా తోటలోకి రావడమేరా అది" అని తిట్టాడు. అమ్మ రోజూ, "ఇవాళైనా ఫోన్ చేశావా?" అనేది. "టైర్లు రానీ అమ్మా" అనేవాణ్ని. రాత్రిళ్లు పడుకుంటే ఆ అమ్మాయి ఏడుపు మింగుకుంటున్నట్టూ, నేను నవ్వుతున్నట్టూ అనిపించి లేచి కూర్చునేవాణ్ని. అయినా ఫోన్ మాత్రం చెయ్యలేదు. అంతటి మొండి వెధవని!

చివరికి టైర్లు వచ్చాయి. వేయించి కంకర మీద నడిపి చూస్తే, అబ్బ, పక్కన చేలో మనిషి దగ్గు కూడా వినిపించింది. ఆ ఆనందంలో నేరుగా విస్సన్నపేట వెళ్లి, బడి వదిలే వేళకి గేటు బయట నిలబడ్డాను. ఆ అమ్మాయి వచ్చింది. నన్ను చూసి ఆగింది.

"నమస్కారమండీ. ఒక్క పది నిమిషాలు కారెక్కండి. టైర్లు మార్చాను" అన్నాను. (ప్రపంచంలో ఇంతవరకు ఏ మగవాడూ ఏ ఆడపిల్లతోనూ ఈ మాట అని ఉండడు.)

ఎక్కలేదు. "ఇక్కడే చెప్పండి" అంది. చెప్పాను. గుండీలు, కంకర, ఊ, బాబాయ్, బెజవాడ, సైజు తేడా, ఏదీ వదల్లేదు. ముందు ఆశ్చర్యపోయింది, తరవాత నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు చూసి బతికానురా దేవుడా అనుకున్నాను. ఇంతలో ఆ నవ్వు ఆగిపోయింది.

"వినపడకపోతే బండి పక్కకి ఆపి అడగొచ్చు కదండీ."

ఇన్నాళ్ల చదువులో, ఇన్ని టైర్ల మధ్య, ఆ ముక్క నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

"మావాళ్లు మొన్ననే వేరేవాళ్లతో తాంబూలాలు పుచ్చుకున్నారండీ" అంది, అదే మెల్లని గొంతుతో. "నేను ఇన్నాళ్లూ మీ ఫోన్ వస్తుందేమోనని చూశాను. నాన్నగారిని కూడా కొన్నాళ్లు ఆపాను." కాసేపు నా కారు వైపు చూసింది. "టైర్ల కోసమా ఆగిపోయారు?"

ప్రతి అక్షరం వినిపించింది. ఊ అనడానికి నోరు రాలేదు.

తిరిగి వస్తూ ఊరు దాటాక ఏడ్చాను. దాచుకోవడం దేనికి, వెక్కి వెక్కి ఏడ్చాను. ఇంతకుముందైతే మోతలో కలిసిపోయేది, ఆ రోజు నా ఏడుపు నాకే శుభ్రంగా, ముక్కు చీదడంతో సహా వినపడింది. టైర్లు మాత్రం చాలా మంచివి, ఆ మాట ఒప్పుకోవాలి. ఇప్పుడు ఆ రోడ్డు మీద వెళుతుంటే, కాలిపర్స్ జేబులో పెట్టుకుని టైర్ల కొట్టు చుట్టూ తిరిగే ఆ పిచ్చి సన్నాసి కళ్లముందు మెదులుతాడు. వాణ్ని కోప్పడదామనే అనుకుంటాను. కానీ, ఆ అమ్మాయి మాట వినడం కోసం అంత కష్టపడ్డవాణ్ని ఏమనగలం చెప్పండి, నవ్వొచ్చేస్తుంది.